ఎర్ర బాణం మురుకులు

ఆ శుక్రవారం పొద్దున కృష్ణప్పకు ఇంట్లో ఒప్పజెప్పిన పని ఒక్కటే. పదకొండు గంటలకు ఆటో వస్తుంది, వరండాలో ఉన్న పన్నెండు మురుకుల డబ్బాలను పంపించాలి. మోసి ఎక్కించే శ్రమ కూడా లేదు, ఆ పని ఆటో పళని చూసుకుంటాడు. ఆయన చేయాల్సిందల్లా తలుపు తీసి పక్కకు తప్పుకోవడం. ఆయనకు చేతకానిది సరిగ్గా అదే.

"ఇదో, చూడయ్యా," అంది భార్య అలివేలమ్మ. మేల్పాడిలో అక్క మనవరాలికి చెవులు కుట్టే ఫంక్షను, దానికోసం బయల్దేరుతోంది. "పళని వస్తాడు, డబ్బాలు తీసుకొనిపోతాడు. నువ్వు వాటి జోలికి పోవద్దు. మూత కూడా తీయొద్దు. తెలిసిందా?"

"నాకా చెప్తా ఉండావు? ముప్పై ఏండ్లు లక్షల జతలు గేటు దాటించినా నేను."

"దాటించినావులే. అవి బూట్లు, ఇవి మురుకులు. నీకు దండం పెడతా, తాకొద్దు."

కృష్ణప్ప మొన్నమొన్నటిదాకా ఆంబూరు దగ్గర ఒక బూట్ల కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. విదేశాలకు పోయే బూట్లను దీపం కింద తిప్పి చూసి, తప్పున్న చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం ఆయన ఉద్యోగం. బాణం పడిన జత ఇక ఓడ ఎక్కదు. కోసేవాళ్ళు కోశారు, కుట్టేవాళ్ళు కుట్టారు. ఈయన మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్క కుట్టు వేసిన పాపాన పోలేదు. పరుల పనికి వంకలు పెట్టి జీతం తీసుకున్నాడు. చివరికి ఆ వంకలు పెట్టే పనిని కూడా ఒక మిషను నేర్చుకుంది. దానికి టీ అక్కరలేదు, ఉపన్యాసం ఇచ్చే అలవాటూ లేదు. దాంతో కంపెనీవాళ్ళు యాభై మూడో ఏటనే ఈయనకు ముందస్తు రిటైర్మెంటు అంటగట్టి, శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతికిచ్చి సాగనంపారు. గడియారం వాళ్ళిచ్చింది. నాలుగు చుట్టల బాణం స్టిక్కర్లు ఈయన తెచ్చుకున్నవి.

ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో తిని పడుకోవడమే తప్ప కళ్ళు తెరిచి చూడని మనిషికి, గుడియాత్తంలో తనకొక ఇల్లుందని నలభై రోజుల కిందట హఠాత్తుగా తెలిసొచ్చింది. ఇక చూసుకోండి! కుళాయి పక్కన బాణం. సొట్టపడిన చెంబుకు బాణం. ఒకవైపు వాలిన క్యాలెండరుకు బాణం. మొన్న ఒక పెళ్ళికి అలివేలమ్మ జాకెట్టు వీపు మీద బాణంతో వెళ్ళింది. కుట్టు వంకరగా ఉందని ఈ మహానుభావుడు అంటించి, చెప్పడం మరిచిపోయాడట. పంక్తిలో కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పిపోయారు. ఆమె మానం మంటగలిసింది. ఈయన మాత్రం "కుట్టు వంకరే కదా మరి" అన్నాడు.

ఆ ఇంటిని నిజంగా నిలబెట్టింది మురుకులు. పందొమ్మిదేళ్ళుగా అలివేలమ్మ అచ్చు వాడకుండా చేత్తోనే మురుకులు చుట్టి ఇంటింటికీ అమ్ముతోంది. సాయానికి చిన్నపొన్ను వస్తుంది. అగ్గిపెట్టెల కంపెనీలో పని దొరకని రోజుల్లో మాత్రమే వస్తుంది, ఎందుకంటే రోజూ పని ఇచ్చేంత బేరం అలివేలమ్మకు లేదు. ఇన్నేళ్ళకు వేలూరులో ఒక పెద్ద మిఠాయి దుకాణం యజమానురాలు కలైయరసి మొదటి లోడు అడిగింది. సరుకు నచ్చితే ప్రతి శుక్రవారం లోడు. చిన్నపొన్నుకు వారంలో ఆరు రోజులూ పని. నచ్చకపోతే మళ్ళీ గంప, మళ్ళీ వీధులు. ఆడవాళ్ళిద్దరూ మూడు రోజులు నడుములు విరిగేలా చుట్టిన మురుకులు ఆ పన్నెండు డబ్బాల్లో ఉన్నాయి. ప్యాకెట్టుకు రెండు చొప్పున, రెండు వందల నలభై ప్యాకెట్లు.

భార్య బస్సెక్కిన పది నిమిషాలకు కృష్ణప్ప మొదటి డబ్బా మూత తీశాడు. ఊరికే చూద్దామనే తీశాడు. ఆయన ఊరికే చూసినప్పుడల్లా ఎవరిదో ఒకరిది కొంప మునిగింది.

మొదటి ప్యాకెట్టును కిటికీ వెలుతురులో తిప్పాడు. నాలుగో చుట్టు మూడో చుట్టుకన్నా ఒక నూలుపోగంత లావు. బాణం. రెండో ప్యాకెట్టులో ఒక మురుకు తోక బయటికి పొడుచుకొచ్చింది. బాణం. ఇక ఆగలేదు. టేబులు వరండాలోకి లాగాడు, టేబులు లైటు తగిలించాడు, పెట్టెలో దాచుకున్న నీలం కోటు తొడుక్కున్నాడు. నలభై రోజుల తర్వాత ఆయన ముఖంలో మళ్ళీ కళ వచ్చింది. ఆ కళ చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

మూడో డబ్బా దగ్గర అసలు నేరం బయటపడింది. అలివేలమ్మ కుడిచేత్తో చుడుతుంది కాబట్టి ఆమె మురుకులన్నీ ఒకవైపు తిరిగి ఉన్నాయి. చిన్నపొన్నుది పుర్రచేతి వాటం. ఆమెవన్నీ రెండోవైపు తిరిగి ఉన్నాయి. ఎవరు చుట్టినవి వాళ్ళే ప్యాకెట్లలో వేసుకున్నారు. అంటే దాదాపు ప్రతి ప్యాకెట్టులోనూ రెండు మురుకులూ ఒకవైపువే!

"అయ్యో అయ్యో! రెండూ ఎడమకాలివే!" అని కృష్ణప్ప నెత్తి కొట్టుకున్నాడు. బూట్ల లోకంలో అంతకు మించిన ఘోరం లేదు. ఇద్దరి మురుకులూ ఆఖర్లో కలిసిపోయిన పదకొండు ప్యాకెట్లలో మాత్రమే ఎడమకు కుడి జోడీ కుదిరింది. ఆ పదకొండింటినీ ఒక స్టీలు డబ్బాలో భద్రంగా పెట్టాడు. మిగిలిన రెండు వందల ఇరవై తొమ్మిదింటికీ బాణాలు కొట్టి, మళ్ళీ ఆ పన్నెండు డబ్బాల్లోనే పడేశాడు.

పదకొండు గంటలకు పళని వచ్చాడు.

"సార్, డబ్బా ఎల్లాం, అన్నీ రెడీయా?"

"రెడీ లేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాయల్ల. అట్ల కూర్చో."

"మురుకులకి ఏం రిపోర్టు సార్? నమిల్తే తెలిసిపోతాది కదా."

"నీకేం తెలుసప్పా క్వాలిటీ అంటే? ఈ సరుకు పోయేదానికి లేదు. రిపోర్టు ఇస్తా, అది మాత్రం తీసుకొనిపో."

"రిపోర్టుని ఎవరు సార్ తింటారు?" అన్నాడు పళని. కృష్ణప్ప లోపలికి వెళ్ళి, కార్బన్ కాగితాలు వెతికి, మూడు కాపీలలో పుట్టిన బిడ్డకు పేరు పెట్టినంత శ్రద్ధగా ఒక్కో లోపానికీ నంబరు వేస్తూ కూర్చున్నాడు. పళనికి మూడింటికి బడిపిల్లల ట్రిప్పు ఉంది. అలివేలమ్మక్క డబ్బాలు తీసుకుపొమ్మంది, డబ్బాలు ఎదురుగా ఉన్నాయి. ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

రిపోర్టు పట్టుకొని వచ్చేసరికి వరండా ఖాళీ. టేబులు మీద పదకొండు మంచి ప్యాకెట్లు మిగిలాయి, తప్పుడు సరుకంతా వేలూరు దారి పట్టింది.

"గేటు దాటేసిందే! రిజెక్ట్ మాలు గేటు దాటేసిందే!" అని కృష్ణప్ప వీధిలోకొచ్చి అరిచాడు. ఎదురింటి కుక్క ఒక్కటి తల ఎత్తి చూసింది. భార్య ఆర్డరు ఏమవుతుందో అన్న బెంగ కాదు ఆయనది, ఆ ఆలోచనే ఆయనకు తట్టలేదు. ముప్పై ఏళ్ళ రికార్డు మీద మచ్చ పడిందని ఏడుపు.

డబ్బాల మీద రాసి ఉన్న దుకాణం నంబరు గుర్తు తెచ్చుకొని ఫోను కొట్టాడు.

"హలో! గుడియాత్తం నుంచి మురుకులు వస్తా ఉండాయి. నేను వచ్చి చూసేదాకా ఒక్క ప్యాకెట్టు కదలకూడదు. యాడ పెట్టింది ఆడే ఉండల్ల."

"మీరు ఎవరు పేసరది?" అని కలైయరసి సగం అరవంలో అడిగింది.

"ఇన్‌స్పెక్టరు!" అని ఫోను పెట్టేశాడు. రిటైరయ్యానన్న సంగతి చెప్పడానికి ఆయనకు నోరు రాదు.

కలైయరసి తిండి దుకాణాలను సోదా చేసే సర్కారు ఇన్‌స్పెక్టరే అనుకుంది. అనుకోవడానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. నిమిషంలో పనివాళ్ళందరి నెత్తిన టోపీలు వచ్చాయి. అద్దాల బీరువాలో ఉన్న మైసూరుపాకులు, జాంగ్రీలు, వాటి వయసు తెలిసిన ఆమె చేతులతోనే గోడౌనులోకి పోయాయి. అరలన్నీ ఖాళీ. అప్పుడే పళని వచ్చాడు. ఆఫీసరుకు కనబడాలి కదా అని ఆమె ఆ పన్నెండు డబ్బాలనూ తెరిచి కౌంటరు మీద వరుసగా పేర్పించింది. ఎర్ర బాణాలు చూసి బెదిరిపోయి, వెంటనే అలివేలమ్మకు ఫోను చేసింది.

"అక్కా, నీ మురుకు మీద ఏదో బాణం అంటించి ఉండాది. ఇన్‌స్పెక్టర్ కూడా వస్తాడంట. నన్ను జైలుకు పంపిస్తావా ఏం?"

మేల్పాడిలో అలివేలమ్మ చేతిలో ఉన్న పాయసం గ్లాసు అక్కడే పెట్టేసింది. బాణం అన్న మాట చాలు, ఆ ఇన్‌స్పెక్టరు ఎవరో ఆమెకు తెలిసిపోయింది. కాట్పాడి బస్సులో కూర్చుని దారి పొడవునా ఏడ్చింది. "పందొమ్మిదేండ్లు! పందొమ్మిదేండ్ల కష్టం బుగ్గి చేసినాడే నా మొగుడు!" అని పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని ఆమెకు చెప్పుకుంది. ఆమె కూడా పాపం కళ్ళు తుడుచుకుంది.

గుడియాత్తం బస్సులో కృష్ణప్ప స్టీలు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వస్తున్నాడు. కే.వి.కుప్పంలో సంతజనం ఎక్కి తొక్కుతున్నా డబ్బాను మాత్రం కదలనివ్వలేదు. వేలూరులో దిగి వచ్చేసరికి దుకాణం ముందు జనం రోడ్డు మీదికి వచ్చేసి ఉన్నారు. "తిరగబడినారు! నేను చెప్పలే?" అనుకుంటూ, సంతోషాన్ని దాచుకోలేక, జనాన్ని తోసుకుని లోపలికి దూరాడు. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగమని కలైయరసి మొత్తుకుంటున్నా వినకుండా జనం డబ్బులు చాస్తున్నారు, కౌంటరు పక్కన అలివేలమ్మ కొయ్యబారి నిలబడి ఉంది.

"ఎవరూ కొనొద్దండి! ఇదంతా రిజెక్ట్ సరుకు!" అని కృష్ణప్ప చేతులెత్తి అరిచాడు.

"తెలుసులేప్పా, అరవొద్దు. వరసలో రా," అన్నాడు ముందున్న ముసలాయన.

"తెలిసి కొంటా ఉండారా?"

"తెలియకనా? ఇదో చూడు," అని ఆయన కాలు ఎత్తి బూటు చూపించాడు. మడమ దగ్గర మాసిపోయిన ఎర్ర బాణం. "ఇదీ బాణం బూటే. పదమూడేండ్లయింది, అరగనే లేదు. ఫారినోడికి పోవల్సింది, సూదిమొనంత తప్పని మనకు పడేసినారు. బాణం ఉంటే అసలు మాలు అని లెక్క. మురుకులు కూడా ఎక్స్‌పోర్ట్ చేస్తారని నాకు ఇప్పుడే తెలిసింది."

ఈ జిల్లాలో పుట్టి, ఈ జిల్లాలో ముప్పై ఏళ్ళు బాణాలు వేసిన కృష్ణప్పకు, తను వేసిన బాణం చూసి మరీ జనం ఆ బూట్లు కొంటారన్న సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవరి మాటా వినే రకం కాదు కూడా.

"మీకు అర్థం కాలేదు! ఇందులో రెండు మురుకులూ ఎడమవైపువి! నాలుగో చుట్టు లావు!"

"అబ్బా! చుట్లు కూడా కొలిచినారంట!" అంది వెనక నుంచి ఒకామె. "నాకు పది ప్యాకెట్లు!"

"సార్, ఏ దేశానికి సార్ పోవల్సింది?"

ఆయన లోపం చెప్పినకొద్దీ చేతులు ముందుకు వచ్చాయి. గొంతు పోయేదాకా చెప్పాడు. డబ్బాలు ఖాళీ అయ్యేదాకా కొన్నారు. చివరికి కృష్ణప్ప స్టీలు డబ్బా తెరిచి, ఒక ప్యాకెట్టు తీసి ముసలాయన చేతిలో పెట్టాడు. "ఇదప్పా మంచి సరుకు. ఒక్క తప్పు లేదు. ఇది తీసుకో."

ముసలాయన ముందూ వెనకా తిప్పి చూశాడు. "బాణం లేదే. లోకలు మాలు నాకెందుకు నాయనా?" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ పదకొండింటినీ వరసలో ఉన్న ఒక్కరూ తీసుకోలేదు.

"ఇన్‌స్పెక్టర్ సార్ యాడ అక్కా? ఇంకా రాలేదే?" అని కలైయరసి గుసగుసగా అడిగింది.

"వచ్చినాడు. ఇదో, ఈయనే. మా ఇంటాయన."

"ఈయనా? ఈయన కోసమా నా మైసూరుపాకులు గోడౌనులో పడేసినా?" అని కలైయరసి తల పట్టుకుంది. కానీ ఖాళీ డబ్బాల వైపు చూశాక కోపం దిగింది. "సరి, పోనీ అక్కా. వారానికి రెండు లోడ్లు పంపు. కానీ బాణం ఉండల్ల. బాణం లేకుంటే వాపసు పంపిస్తా."

అలివేలమ్మ కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు చూసింది. ఆ చూపుకు కృష్ణప్ప స్టీలు డబ్బా మూత పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో ఆమె ఆకలేసి ఆ పదకొండు ప్యాకెట్లలో రెండు తిన్నది. బాగున్నాయని మాత్రం అనలేదు.

సోమవారం నుంచి చిన్నపొన్ను అగ్గిపెట్టెల కంపెనీ మానేసి రోజూ వస్తోంది. వరండాలో టేబులు, లైటు అలాగే ఉన్నాయి. కృష్ణప్ప పని ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ప్రతి ప్యాకెట్టుకూ ఒక బాణం అంటించడం. లోపం వెతకకూడదు, చూడకూడదు, మాట్లాడకూడదు. అంటించినవాటిని చిన్నపొన్ను చూస్తుంది.

"సార్, ఈ బాణం కోణలుగా ఉండాది. మళ్ళీ అంటించు."

"అది వంకర కాదు, నీ కన్ను వంకర!"

"అక్కా! సార్ ఎదురు చెప్తా ఉండాడు!"

నెల తిరగకముందే కృష్ణప్పకు వేళ్ళు వాచాయి, మెడ పట్టేసింది. ఒక రాత్రి కూర్చుని, ఆరోగ్య కారణాల వల్ల తనకు ముందస్తు రిటైర్మెంటు ఇప్పించమని తెల్లకాగితం మీద మూడు కాపీలు రాశాడు. పొద్దున్నే అలివేలమ్మకు అందించాడు. ఆమె దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, సంతకం దగ్గర ఒక ఎర్ర బాణం అంటించి తిరిగి ఇచ్చేసింది.