ఆరడుగుల కంచె

పట్టపగలు లైటు వేసుకుంటే తప్ప సూదిలో దారం ఎక్కని రోజు రాగానే టైలరు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆదివారం పొద్దున్నే, పక్కింటి తోడల్లుడు లేవకముందే, కంచె పైభాగం కాస్త కత్తిరించెయ్యాలి. రెండిళ్ళ మధ్య మొక్కల కంచె ఆరడుగులు మించకూడదని, ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చిన మునిసిపాలిటీ ఉద్యోగి ఎవరో చెప్పాడు. ఈ కంచె ఆరడుగులు ఎప్పుడో దాటేసి, కిటికీని మింగేసి, ఇంటికప్పు వైపు చూస్తోంది.

నోటితో చెబితే పోయేదే. కానీ పక్కింట్లో ఉన్నది భార్యకు స్వయానా అక్క. "మా అక్క దగ్గర కంచె మాట ఎత్తారో, చూడండి! దాని మనసు నొచ్చుకుందంటే ఆర్నెల్లు పలకదు," అని భార్య ముందే అతని నోటికి తాళం వేసింది.

అందుకే చప్పుడు కాకుండా స్టూలెక్కి, గుడ్డలు కోసే పెద్ద కత్తెర తీశాడు. ఎడమవైపు కొంచెం కత్తిరించాడు. వంకరొచ్చింది. కుడివైపు సర్దాడు. ఇప్పుడు ఎడమవైపు ఎత్తయి కూర్చుంది. కాలరు కుదరనప్పుడు వచ్చే పంతం ఒకటి పూనేసరికి, వాళ్ళు లేస్తారన్న సంగతే మరిచిపోయాడు.

"ఎవరదీ?" అటువైపు వదిన, నోట్లో బ్రష్షుతో.

"నేనే వదినా!" కత్తెర వీపు వెనక దాచాడు. ఏదో ఒకటి చెప్పాలి. "అదే... మీ చెల్లికి గాలాడటం లేదు..."

'కిటికీలోంచి' అన్న మాట ఇంకా గొంతులోనే ఉంది, వదిన బ్రష్షు నేలమీద పడింది.

"ఏమండీ! చెల్లికి ఊపిరాడటం లేదట!"

వదిన మొగుడు రిటైరైన స్టేషన్ మాస్టరు. కంగారొస్తే ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఈల. బనీనుతో వరండాలోకొచ్చి ఊదిన ఊదుడికి వీధి వీధంతా లేచి కూర్చుంది. మూల మీది క్లినిక్కు నుంచి కాంపౌండరు ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ బయల్దేరాడు. నిప్పంటుకుందని ఎవరో అనగానే నలుగురు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో, అలాంటిదేం లేదు, నా మాట వినండి!" స్టూలు మీంచి టైలరు మొత్తుకున్నాడు.

"ధైర్యం తెచ్చుకో తమ్ముడూ, మేమున్నాంగా!" అన్నాడు స్టేషన్ మాస్టరు.

గేటు చుట్టూ తిరిగొచ్చే ఓపిక వదినకెక్కడిది? కొంగు బిగించి కంచెలోకి దూసుకొచ్చింది. ఆవిడ చేసిన సందులోంచి ఆయన, ఆయన వెనక బకెట్లు, బకెట్ల వెనక సిలిండరు. స్టూలుతో టైలరు, టైలరుతో కంచె, అన్నీ కలిసి కిందికొచ్చాయి.

భార్య ఆవలిస్తూ తలుపు తీసింది. "ఏమైందక్కా?" అనేలోపే పడుకోబెట్టేశారు. కాంపౌండరు మాస్కు తగిలించాడు. ఒకరు అరికాళ్ళు రుద్దారు, ఒకరు విసనకర్రతో విసిరారు. మాస్కు లోపల ఆవిడ తిడుతున్న తిట్లు విని, "పాపం, సంధి ప్రేలాపన," అన్నారెవరో.

చివరికి మాస్కు పీకి అవతల పారేసి, "నాకేం రోగం? ఆయన్నడగండి!" అని అరిచింది.

అందరూ ఇటు తిరిగారు. జుట్టు నిండా ఆకులు, చేతిలో కత్తెర. టైలరు కత్తెర కిందికి దించాడు. "కంచె ఆరడుగులు మించకూడదట అన్నయ్యగారూ. మీ కంచె కదా, అడగలేక..."

"మా కంచా?"

"మీది కాదా?"

"మీదనుకునే కదయ్యా, మా వంటింట్లో ఉప్పేదో పంచదారేదో కనపడకపోయినా నోరు మూసుకున్నాను! కత్తిరించమని అడుగుదామంటే, చెల్లి నొచ్చుకుంటుందని మీ వదిన నన్ను గుమ్మం దాటనిస్తేనా!"

అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో గానీ, ఆపడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. బకెట్లవాళ్ళు కూడా బకెట్లు బోర్లించి, వాటి మీద కూర్చుని మరీ నవ్వారు.

మర్నాటి నుంచి కుట్టు మిషను మీద బంగారం లాంటి ఎండ. ఆ ఎండతోపాటు వదిన గొంతు కూడా వచ్చింది. "మరిదిగారూ, ఆ చొక్కా చెయ్యి వంకరగా కుడుతున్నారేమో చూసుకోండి!" ఇటునుంచి భార్య, "బావా, మళ్ళీ పంచదార డబ్బా తీశారా? డాక్టరు వద్దన్నాడుగా!" తెల్లారింది మొదలు దీపాలార్పేదాకా ఈ కిటికీకీ ఆ కిటికీకీ మాటల వంతెనే.

తర్వాతి ఆదివారం తోడల్లుళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే మొక్కలమ్మే చోట ఎదురుపడ్డారు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఇద్దరూ ఒకే వరసలోని మొక్కల ముందు నిలబడ్డారు.

"ఇవి మహా ఏపుగా ఎదుగుతాయండీ," అన్నాడు మొక్కలాయన. "కానీ ఆరడుగులు దాటిపోతాయి. రూలొప్పుకోదు మరి."

"కొలతలు నేను చూసుకుంటాలెండి," అన్నాడు టైలరు.