పట్టుదుప్పటి చాటున సూర్యుడు

రొక్కాస్పీనా పట్టణంలో సూర్యుడికి నిబంధనలు లేవు, ఉన్నవన్నీ మనుషులకే. ఏ కిటికీ రెక్కకు ఏ ఆకుపచ్చ పూయాలో, ఏ కప్పు మీద ఏ కాలపు పెంకు పరవాలో, ప్రధాన వీధి బాల్కనీలలో ఏది కనబడవచ్చునో ఏది కనబడరాదో పురాతన కట్టడాల పరిరక్షణ కార్యాలయం శాసించి ఉంచింది. మూడు శతాబ్దాల కిందట ఒక భూకంపం ఆ ఊరిని నేలమట్టం చేసి, దాన్ని మళ్ళీ ఇష్టం వచ్చినట్టు కట్టుకునే అవకాశం పూర్వులకు ప్రసాదించింది. అటువంటి అవకాశం ఇంకెవరికీ దక్కకూడదన్నదే కార్యాలయపు జీవితాశయం.

ఇంత గంభీరమైన పట్టణంలో ఆ మంగళవారం ఉదయం ఎవారిస్తో కాల్తబియానో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫలహారాల వేళ దాటగానే తన కొట్టు పైనున్న బాల్కనీ ఊచలకు నాలుగు సోలార్ ప్యానెళ్ళు బిగించడం, వాటి తీగను కిందనున్న ఫ్రీజరుకు కలపడం, ఆపైన ఏమీ ఎరగనివాడిలా గల్లాపెట్టె వెనక కూర్చోవడం.

అతనిది గ్రనీతా కొట్టు. బాదంపప్పు రుబ్బి, పాలు తీసి, పంచదార కలిపి, గడ్డ కట్టీ కట్టకుండా తిప్పితే వచ్చే ఆ మంచుముద్దలో మెత్తటి బన్ను ముంచుకుని తింటే తప్ప ఊరివారికి తెల్లవారదు. అయితే ఆ వేసవిలో ఊరంతా చల్లటి గాలి యంత్రాలు పెట్టుకుంది. మధ్యాహ్నమయ్యేసరికి కరెంటు నీరసించి నిట్టూర్చేది, ఫ్రీజరు మౌనవ్రతం పట్టేది, గ్రనీతా కరిగి నీళ్ళయ్యేది. సాయంత్రం బేరాలు అప్పుడే కింది వీధి కొట్టుకు తరలిపోయాయి. ఈ వేసవి కూడా ఇలాగే కరిగిపోతే తాళం వేసి కటానియాకు వెళ్ళి, బావమరిది కొట్లో టైర్లకు గాలి పట్టడమే ఎవారిస్తోకు మిగిలిన దారి. బావమరిది అందుకు అప్పుడే ఒక నీలిరంగు అంగీ కుట్టించి ఉంచాడు కూడా.

కప్పు మీద ప్యానెళ్ళకు పెట్టిన దరఖాస్తును కార్యాలయం రెండుసార్లు తిప్పికొట్టింది. అప్పుడు ఎవారిస్తో నిబంధనలను వేదాంతిలా అధ్యయనం చేశాడు. కప్పు, గోడ, పొగగొట్టం, ద్వారబంధం, కిటికీ, అన్నింటి పేర్లూ ఉన్నాయి. బాల్కనీ ఊచల ఊసు లేదు.

"ఇది తప్పు కాదు, అగ్రిప్పీనా. ఖాళీ. రూల్సులో వాళ్ళే వదిలేసిన ఖాళీ," అన్నాడు భార్యతో, నోట్లో మరమేకు కరుచుకుని.

"ఖాళీ ఉన్నది రూల్సులో కాదు, నీ బుర్రలో. ఆ మేకు మింగి చావకు, ఇవాళ ఆసుపత్రికి తీసుకెళ్ళే ఓపిక నాకు లేదు," అంది అగ్రిప్పీనా, ప్యానెల్‌ను మోకాలితో ఆనించి పట్టుకుని.

ప్యానెళ్ళు బిగిశాయి. తీగ కలిసింది. కింద ఫ్రీజరు గుర్రుమంది. ఎవారిస్తో మెట్లు దిగి దాని తలుపు మీద చెయ్యి వేసి, జ్వరం తగ్గిన బిడ్డ నుదురు తడిమినట్టు తడిమాడు. ఆ ఆనందం అతనికి సరిగ్గా మళ్ళీ మెట్లెక్కేంత సేపు దక్కింది.

ఎదురింటి కిటికీ మూసే ఉంది. దాని రెక్కల సందుల్లోంచి ఆ ఇంటావిడ దోన్నా సరీనా గొంతు మాత్రం వీధి దాటి వచ్చింది. నిజానికి ఆ వీధి ఇరుకుకు అంత గొంతు అవసరమే లేదు.

"ఎవారిస్తో! విన్నావా నాయనా? ఇవాళ స్కాలియా వస్తున్నాడట! నా కిటికీలు చూడ్డానికి! పాలకూర రంగు వెయ్యమంటే పుదీనా రంగు వేశానట! ఇంకో అరగంటలో దిగుతాడు!"

పరిరక్షణ కార్యాలయపు ఇన్‌స్పెక్టరు లిబోరియో స్కాలియా పేరు చెబితే ఊళ్ళో పెంకులు సర్దుకు కూర్చునేవి. ఒకసారి ఆయన ఒక చిలుక పంజరాన్ని రంగు నచ్చక వీధిలోంచి తీయించాడు. చిలుక గురించి కూడా రెండు మాటలు అన్నాడని చెప్పుకుంటారు. నిబంధనలో ఖాళీ కనబడితే దాన్ని అక్కడికక్కడే పూడ్చగల సమర్థుడు ఆయన.

"విప్పెయ్!" అంది అగ్రిప్పీనా.

"బిగించడానికే గంట పట్టింది. ఏదైనా కప్పేద్దాం. పక్కమీది దుప్పటి తే!"

"ఈ వీధిలో బట్టలారేస్తే జరిమానా అని మర్చిపోయావా? ప్యానెళ్ళు దాచబోయి పక్కబట్టలతో దొరికిపోతావు."

అది నిజమే. ఆ వీధి బాల్కనీ మీద గుడ్డ పరవడానికి చట్టం ఒప్పుకునే సందర్భం ఒక్కటే. ఊరి రక్షకుడైన పునీత ఓనోఫ్రియో విగ్రహం నిలువెత్తు గడ్డంతో ఊరేగివచ్చే నాడు ప్రతి ఇంటివారూ తమ పట్టుదుప్పటిని బాల్కనీ మీద పరుస్తారు. ఎవారిస్తో చూపు గదిలో ఉన్న భార్య పుట్టింటి పెట్టె మీదికి వెళ్ళింది. భార్య చూపు అతని చూపును వెంబడించింది.

"మా అమ్మమ్మ పట్టుదుప్పటా! దానిమీద కూర్చునే యోగ్యత కూడా నీకు లేదని మా అమ్మ పెళ్ళినాడే చెప్పింది!"

"కూర్చోనులే. పరుస్తానంతే."

ఎర్రటి పట్టు మీద బంగారు జరీ నెమళ్ళు ఊచల మీదుగా వాలి, నాలుగు ప్యానెళ్ళనూ నిండా కప్పేశాయి. కింద ఫ్రీజరు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది. స్కాలియా వచ్చి వెళ్ళేదాకా ఓర్చుకుంటే చాలనుకున్నాడు ఎవారిస్తో.

సరిగ్గా అప్పుడే దోన్నా సరీనా కిటికీ తెరిచింది.

"ఊరేగింపా? ఇవాళా? పండగ వచ్చే నెల కదా!"

ఆమెకు నిజం చెప్పడమంటే గంటస్తంభం ఎక్కి చాటించడమే. "అబ్బే, ఊరికే, దోన్నా సరీనా. గాలికి పెట్టాం," అన్నాడు.

"గాలికట, గాలికి! ఆకు కదిలి పది రోజులైంది! పాద్రీ రోజూ నీ కొట్లో కూర్చుని రెండేసి గిన్నెలు లాగిస్తాడు, నీ చెవిలో ఊదాడన్నమాట. శీతాకాలం నుంచీ చినుకు లేదు, వాన కోసం గడ్డాలాయన్ని బయటికి తీస్తున్నారు. నాకు మాత్రం చెప్పరు! నా దుప్పటి మీదాని కంటే పెద్దదనేగా మీ ఏడుపు!"

క్షణంలో ఎదుటి బాల్కనీ పసుపుపచ్చ పట్టుతో భగ్గుమంది. దాన్ని చూసి పక్కింటివారు నీలం పరిచారు, వారిని చూసి మూలమీది నోటరీ గారు ఊదా పరిచారు. ఊరేగింపు సంగతి తమకు తెలియదని ఒప్పుకోవడం కంటే దుప్పటి పరవడం అందరికీ సులువుగా తోచింది. కాసేపటికి వీధి యావత్తూ విజయయాత్ర నుంచి మరలి వచ్చే చక్రవర్తి కోసం ఎదురు చూస్తున్నట్టు వెలిగిపోయింది.

ఎవారిస్తో గుండెలు బాదుకుంటూ చర్చికి పరుగెత్తాడు. అక్కడ అప్పటికే విగ్రహం మోసే సంఘంవారు తెల్లచొక్కాలతో పాద్రీ దోన్ గాస్పరేను చుట్టుముట్టి ఉన్నారు.

"మోసేది మేము. మాకు చెప్పకుండా ఊరేగింపా? ఆయన్ని ఏం, నడిపించుకుపోదామనుకున్నారా?"

దోన్ గాస్పరే ఎవారిస్తోను స్తంభం చాటుకు లాగాడు. "నిజం చెప్పవయ్యా. బిషప్పు గారి మనిషెవడైనా నీ కొట్టుకు వచ్చాడా? కబురు పంపితే నేనే చూసుకోలేదా? పోయినసారి కూడా ఇలాగే మతిమరుపని పేరు పెట్టారు."

"ఎవరూ రాలేదు పాద్రీ గారూ. ఆ దుప్పటి కింద నేనే..."

పైన గంట మోగింది. వీధి రంగులు చూసి, తనను ఎవరూ పిలవలేదన్న ఉక్రోషంతో గంట కొట్టేవాడు తనంతట తానే మోగించేశాడు.

"నేను మోగించమనలేదు," అన్నాడు దోన్ గాస్పరే, ముఖం వెలిగిపోగా. "అంటే ఉత్తర్వు పైనుంచే వచ్చింది. పదండి!"

ఆ విధంగా పునీత ఓనోఫ్రియో నెల ముందే ఎండలోకి వచ్చాడు. ఇద్దరు బూరగాళ్ళు, ఒక డోలుగాడు ఎక్కడినుంచో పుట్టుకొచ్చారు. మోసేవారిలో ఒకడి కాలు కట్టులో ఉంది. బరువు ఒకవైపు ఒరుగుతుండగా వీధి మొదట్లో కారు ఆపుకుని, దారి వదలమని కేకలేస్తున్న పొడుగాటి మనిషి ఒకడు సంఘంవారి కంట పడ్డాడు. తానెవరో ఆయన చెప్పుకునేలోగా భుజం మీదికి కర్ర, మెడలోకి తెల్లరుమాలు వచ్చాయి. రాజ్యాంగాన్ని తప్ప మరి దేన్నీ మోసి ఎరగని ఇన్‌స్పెక్టరు స్కాలియా ఆ ఎర్రటి ఎండలో పునీతుడి గడ్డం కింద కదిలాడు.

మొదట దుప్పటి పరిచిన ఇంటి ముందు విగ్రహాన్ని ఆపడం ఆచారం. ఆపారు. స్కాలియా చెమట తుడుచుకుని తలెత్తాడు. ఎంతైనా వృత్తి వృత్తే. వీధిలో పట్టంతా మడతలు మడతలుగా జారుతోంది. ఈ ఒక్క దుప్పటి మాత్రం బల్లకు మేకులు కొట్టి బిగించినట్టుంది. ఆయన కర్ర పక్కవాడికి అప్పగించి మెట్లెక్కాడు. ఊరేగింపు వెంట వచ్చిన ఎవారిస్తో వెనకాలే పరుగెత్తాడు.

"ఏమయ్యా కాల్తబియానో, పట్టుకు మూలలు ఎప్పటినుంచి వచ్చాయి?"

"గంజి కాస్త ఎక్కువైందండీ," అంది అగ్రిప్పీనా.

"గంజికి కరెంటు తీగ ఎందుకమ్మా?"

ఆయన వంగి ఎర్రటి అంచును రెండు వేళ్ళతో పైకెత్తాడు. నల్లటి గాజు తళుక్కుమంది. ఎవారిస్తో చేతులు జోడించాడు.

"అయ్యా, దాచడం తప్పే. కానీ మధ్యాహ్నమైతే నా ఫ్రీజరు ఆగిపోతుంది. ఇంకో నెల ఇలాగే ఉంటే నేను కటానియాలో టైర్లకు గాలి కొట్టుకోవాలి. మా నాన్న పెట్టిన కొట్టండీ ఇది..."

"నీ కొట్టు పెట్టింది మీ నాన్నే కావచ్చు, ఈ బాల్కనీ పెట్టింది..." అంటుండగా ఆయన కళ్ళద్దాల మీద ఒక చినుకు పడింది. రెండోది దోన్నా సరీనా ముక్కు మీద పడింది.

"ముట్టుకున్నాడు! ఆయన ముట్టుకున్నాడు, వాన వచ్చింది!" అని సరీనా ఒక్క కేక పెట్టి మోకాళ్ళ మీద కూలబడింది. వీధంతా హోరెత్తింది. డోలు మోగింది. స్కాలియా నిప్పు తగిలినట్టు అంచు వదిలేశాడు. చినుకులు ఆగిపోయాయి.

"వదలకయ్యా! ఎత్తు! ఇంకో మూల ఎత్తు!"

"నేను ప్రభుత్వోద్యోగిని!" అని అరిచాడు స్కాలియా.

"అయితే మాత్రం ఏం, కాసేపు పనికొచ్చే పని చెయ్యి!" అన్నారు కిందినుంచి. ఆయన రెండో మూల ఎత్తాడు. మూడో చినుకు ఒకటి పడింది. అది ఎవరి మీద పడిందన్న తగువు నేటికీ తెగలేదు. తరవాత మబ్బు తన దారిన తాను పోయింది. అయినా జరగవలసిన అద్భుతం జరిగిపోయింది.

ఎండలో నిలబడి అద్భుతం చూసిన జనానికి దాహమేసింది. అందరూ ఒక్కసారి కొట్లోకి విరుచుకుపడ్డారు. ఆగిన ఫ్రీజరులో గ్రనీతా ఎప్పుడో కరిగిపోయింది. అగ్రిప్పీనా ఒక్క క్షణం మొగుడి ముఖంలోకి చూసి, ఆ నీళ్ళనే గ్లాసుల్లో పోసింది. "ఆహా, ఏం బాదంపాలు!" అన్నారు జనం. "రేపు కూడా ఇలాగే చెయ్యండి. ఆ మంచుముద్దలతో పళ్ళు జివ్వుమంటున్నాయి."

"అది గ్రనీతా," అన్నాడు ఎవారిస్తో పీలగొంతుతో. ఎవరూ వినిపించుకోలేదు.

పైన స్కాలియా కూడా ఎవారిస్తో తెచ్చిచ్చిన ఒక గ్లాసు తాగి, చాలాసేపు ఆలోచించాడు. తీయించమంటే వీధి తనను బాల్కనీలోంచి దిగనివ్వదు. ఉంచమంటే చట్టం తనను ఉద్యోగంలో ఉండనివ్వదు. చివరికి ఆయన ముఖంలో సమస్యను ఇంకొకరి మీదికి నెట్టగలిగినవాడి ప్రశాంతత కనిపించింది. కాగితం తీసుకుని, రాస్తూ చదివాడు.

"ఈ దుప్పటి ఇకమీదట పట్టణపు సజీవ వారసత్వం. తీయరాదు. దాని కింద ఉన్నవి ప్యానెళ్ళు కావు. దుప్పటిని నిలబెట్టే ఆధారపీఠం. పీఠం లేనిదే వారసత్వం నిలవదు కాబట్టి వాటినీ తీయరాదు."

ఎవారిస్తో కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. "అయ్యా, మీరు బతికున్నంత కాలం మీకు గ్రనీతా ఉచితం!"

"ఆగు, ఇంకా ఉంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా దుప్పటి ఆ పీఠాన్ని పూర్తిగా కప్పి ఉంచాలి."

"మరి కరెంటు?"

స్కాలియా కాసేపు కలం కొరికి, చివర మరో వాక్యం చేర్చి, దాని కింద రెండు గీతలు గీశాడు: సూర్యాస్తమయం తరవాత ఇంటి యజమాని సూర్యరశ్మితో ఎంత విద్యుత్తు తయారు చేసుకున్నా కార్యాలయానికి ఏ అభ్యంతరమూ లేదు.