లక్ష్మీదేవమ్మ నడుముకు పదకొండు కేజీల మందు

ఆడవాళ్ళ నడుము నొప్పికి ఈ భూమ్మీద ఒకే ఒక్క మందుంది. అది తైలం కాదు, మాత్ర కాదు, విశ్రాంతి అంతకన్నా కాదు. వాక్యూమ్ క్లీనర్! కాదనే వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు ప్రగతి నిరోధకులనీ, చీపుళ్ళ వ్యాపారుల దగ్గర చెయ్యి తడుపుకున్నవాళ్ళనీ సవినయంగా మనవి చేస్తున్నాను.

రుజువేదీ అంటారా? రుజువు చింతామణి ఊళ్ళో ఉంది. చింతపండు మండీ వెంకటరాయప్పగారి ఇంట్లో, హాలులో, షోకేసు పక్కన, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. చెప్పులు మాత్రం బయటే విడవండి, ఆమె ఇప్పుడే ఊడ్చింది.

ఆమె అంటే వెంకటరాయప్ప భార్య లక్ష్మీదేవమ్మ. నలభై ఏడేళ్ళ మనిషి. ఆ ఇంటికి ముందు భాగం మండీ, వెనక భాగం కాపురం. మధ్యలో తలుపుంది గానీ దుమ్ముకు తలుపొక లెక్కా? చింతపండు పీచు, పెంకు, గింజలు, గోనెసంచుల నూగు అన్నీ గాలితో పాటు లోపలికి వచ్చేస్తాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టకముందు ఒకసారి వంగి ఊడుస్తూనే ఉంది. మొన్న ఉగాది తర్వాత ఒకరోజు అలా వంగిన మనిషి మళ్ళీ లేవలేకపోయింది.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు ఫోటో తీయించి, వెలుతురుకు పెట్టి చూసి, మూడు ముక్కలు చెప్పాడు.

"మూడు నెలలు వంగకూడదమ్మా. బరువు ఎత్తకూడదు. రెస్టు తీసుకోవాల."

ఆ మాటకు లక్ష్మీదేవమ్మ భయపడలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల సంతోషపడింది. మూడు నెలలు! పురిటికి కూడా ఆమెకు ఇరవై ఒక్క రోజులే దొరికాయి. ఇంట్లో భర్త ఉన్నాడు, బీసీఏ చదివే కొడుకు మోహన్‌కుమార్ ఉన్నాడు, ఇద్దరికీ నడుములు రాయిలాగా ఉన్నాయి. ఎవరో ఒకరు చీపురు పట్టకపోతారా అనుకుంది. అంత ఆశ ఎక్కువేమో అని తనే సర్దుకుని, ఆటోలో మెల్లగా భర్తను అడిగింది.

"మూడు నెలలకి కసువు నూకేదానికి ఎవురినన్నా పెట్టుకుందామా?"

"బయటి మనిషి ఏమిటికి? సరుకుండే ఇల్లు. నువ్వు ఊరికే ఉండు, మిషను తెస్తాను" అన్నాడు వెంకటరాయప్ప.

గమనించారా? భార్య నడుము కోసం మిషను తెస్తానన్నాడు! గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీలో ఎంతమంది ఆ మాట అన్నారు? లక్ష్మీదేవమ్మకు కళ్ళు చెమర్చాయి. ఈయనకు నా మీద ఇంత ప్రేమ ఉందా అనుకుంది పాపం.

ఆదివారం తండ్రీ కొడుకులు చిక్కబళ్ళాపురం బస్సెక్కారు. ఆమెను తీసుకెళ్ళలేదు. ఊడ్చేది ఆమె గదా, ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తే బాగుండేది గదా అని మీరు అడగవచ్చు. ట్రాక్టరు కొనేటప్పుడు ఎద్దును అడుగుతామా?

షాపులో టై కట్టుకున్న సేల్స్‌మాన్ ఒకడు దొరికాడు. మంచి పిల్లవాడు, చదువుకున్నవాడు. అతనితో వచ్చిన చిక్కంతా ఏమిటంటే, నిజం చెప్పే అలవాటుంది.

"ఇందులో మంత్రమేం లేదు సార్. లోపల మోటారు ఉంటాది, అది ఫ్యాను తిప్పుతాది. ఫ్యాను లోపలి గాలిని వెనక నుంచి బయటికి తోసేస్తాది. లోపల గాలి తగ్గేకొద్దీ బయటి గాలి ఈ గొట్టంలో దూరుకోనొస్తాది, వస్తా వస్తా దుమ్మును లాక్కొస్తాది. ఇదో, ఈ గుడ్డసంచి దుమ్మును పట్టుకోని గాలిని వదిలేస్తాది. సంచి నిండిందంటే గాలి పోదు. గాలి పోకుంటే పీల్చేదీ లేదు. అందుకని దాన్ని ఖాళీ చేస్తా ఉండాల."

ఇంత చక్కగా చెప్పాడా, మోహన్‌కుమార్ చూపంతా స్టిక్కర్ల మీదే ఉంది.

"అప్పా, ఇది వెయ్యి వాట్లే. అది పద్నాలుగు నూర్లు! అదే తీసుకుందాం."

"వాట్లంటే అది తినే కరెంటు సార్. ఎంత పీలుస్తాదనేది వేరే లెక్క" అన్నాడు సేల్స్‌మాన్. తినేదానికీ చేసే పనికీ సంబంధం ఉండనవసరం లేదన్న సంగతి తండ్రీ కొడుకులకు ఎందుకో తలకెక్కలేదు. "మీ ఇంట్లో గడపలు ఎన్ని? ప్లగ్గులు యాడ ఉండాయి? ఎవురు పట్టుకుంటారు? అది చూసుకోని తీసుకోండి. ఇంట్లో అమ్మగారైతే ఇది బాగుంటాది. నాలుగు కేజీలే, ఒక చేత్తో ఎత్తొచ్చు."

నాలుగు కేజీలు అనగానే వెంకటరాయప్ప ముఖం మారిపోయింది. ముప్పై ఏళ్ళుగా చింతపండు కొంటున్న మనిషి ఆయన. గంపను ఒక్కసారి ఎత్తి చూస్తే చాలు, తేలిగ్గా ఉంటే లోపలంతా పీచూ పొట్టూ, బరువుగా ఉంటే కండ. అలాంటి మనిషికి తేలికగా ఉంది, అందుకే మంచిది అని ఎవడైనా చెబితే ఏమనిపిస్తుంది?

"ఏమప్పా, తేలిక సరుకు నాకు అంటగట్టాలని చూస్తాండావా?"

అని, షాపులో ఉన్న మిషన్లన్నీ వరసగా ఎత్తి దించడం మొదలుపెట్టాడు. సేల్స్‌మాన్ వెనకే తిరుగుతూ వద్దు సార్, వద్దు సార్ అంటూనే ఉన్నాడు. ఆఖరికి మూలన, లాడ్జీలకూ కల్యాణ మంటపాలకూ తెప్పించి పెట్టిన ఒక పెద్ద పీపాలాంటిది కనిపించింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "పదకొండు కేజీలు తూగుతాది. ఇందులో ఉండాది సరుకు" అన్నాడు. డబ్బా మీద చూస్తే సరిగ్గా పదకొండే! అంత గొప్ప చెయ్యి ఆయనది.

బరువు ఎత్తవద్దన్న మనిషికి పదకొండు కేజీలా అని నోరెళ్ళబెట్టకండి. వాక్యూమ్ క్లీనర్ ఎత్తవద్దని డాక్టరు పేరు పెట్టి చెప్పలేదు కదా.

మిషను ఇంటికొచ్చింది. పసుపు కుంకుమ పెట్టారు, గొట్టానికి మల్లెపూలు చుట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు తోశారు. ఆ బరువుకు నిమ్మకాయలు తొక్క కూడా మిగలకుండా నలిగిపోయాయి. వెంకటరాయప్ప చుట్టూ చూశాడు, చూశారా సరుకంటే ఇదీ అన్నట్టు.

ఇక ఆ రోజు నుంచి లక్ష్మీదేవమ్మకు పట్టిన భోగం వర్ణించడానికి నా కలం చాలదు.

ముందు చీపురుతో ఇల్లంతా ఊడ్చాలి. ఎందుకంటారా? "గింజలు, పీచు లోపలికి పోతే మిషను పాడైపోతాదమ్మా. ఫస్టు పొరకతో నూకేసి, తర్వాత మిషను పట్టు" అని మోహన్‌కుమార్ పుస్తకం చదివి చెప్పాడు. అంటే మిషనుకు దుమ్ము అంటకుండా చూసుకోవలసిన బాధ్యత ఇంటి ఇల్లాలిది. తర్వాత మిషనును తోయాలి. పాతకాలపు ఇల్లు, జానెడెత్తు గడపలు ఐదున్నాయి. చక్రాలు గడప ఎక్కవు గనక అక్కడ మాత్రం ఎత్తి దించాలి. పోవడానికి ఐదు, రావడానికి ఐదు. ప్లగ్గు టీవీ వెనక ఒక్కటే ఉంది గనక వైరు వంటింటి దాకా రాదు, వంటిల్లు చీపురుకే. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కరెంటు ఉండదు గనక వాకిలి, ముగ్గు వేసే చోటు, దేవుడి గది ఎలాగూ చీపురుకే. అన్నీ అయ్యాక మిషనును తడిగుడ్డతో తుడిచి, గుడ్డ కప్పాలి. అరగంట పని రెండు గంటలైంది. కాలక్షేపం లేదని బాధపడే ఆడవాళ్ళు ఆలోచించుకోండి!

ఇంతలో ఒక ధర్మసందేహం వచ్చింది. మంగళవారం, శుక్రవారం, అమావాస్య నాడు ఆ ఇంట్లో చెత్త గడప దాటదు, దీపం పెట్టాక ఏ రోజూ దాటదు. లక్ష్మి వెళ్ళిపోతుందని. మరి ఈ సంచిని ఎప్పుడు దులపాలి? మిగతా రోజుల్లో దులుపుతానంది లక్ష్మీదేవమ్మ. వెంకటరాయప్ప ఒప్పుకోలేదు.

"పొరకైతే లక్ష్మిని బయటికి తోస్తాది. ఇది లోపలికి పీల్చుకుంటాది. ఇంట్లో లక్ష్మంతా ఇప్పుడు ఆ సంచిలో ఉండాది. దాన్ని తీసకపోయి కుప్పలో పోస్తావా?"

సంచి దులపలేదు. మూడో వారానికి అది కడుపు నిండిన పసిబిడ్డలా గుండ్రంగా తయారై, గాలి పీల్చడం మానేసింది. మోటారు మాత్రం వీధి చివరికి వినపడేంత గట్టిగా అరుస్తూనే ఉంది. శబ్దం వస్తోంది గదా, పని జరుగుతున్నట్టేనని మండీలో కూర్చున్న ఇంటాయన నమ్మకం. అది వదిలేసిన దుమ్మును లక్ష్మీదేవమ్మ వంగి చేత్తో ఎత్తి పోసేది.

నొప్పి నడుము నుంచి కాలిలోకి దిగింది. మధ్యాహ్నమయ్యేసరికి గోడ పట్టుకుని నిలబడేది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? తన కోసం పనిగట్టుకుని ఊరు దాటి వెళ్ళి మిషను మోసుకొచ్చారు. ఇంత చేసినాక కూడా ఇంకా నొప్పేనా అంటారని ఆమెకు సిగ్గుగా ఉంది. నొప్పి కన్నా ఆ సిగ్గే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

అలా ఉండగా పరగోడు నుంచి ఆమె తమ్ముడు పిళ్ళప్ప వచ్చాడు, మిషను చూడడానికే. చుట్టం వస్తున్నాడని లక్ష్మీదేవమ్మ తెల్లారి నుంచి రెండుసార్లు ఊడ్చి పెట్టింది. తీరా చూస్తే పీల్చి చూపించడానికి హాలులో చిటికెడు దుమ్ము లేదు! వెంకటరాయప్ప మండీలోకి వెళ్ళి దోసెడు చింతపెంకు తెచ్చి, ఆమె ఊడ్చిన నేల మీద తన చేత్తో చల్లాడు.

"ఇప్పుడు చూడు పిళ్ళప్పా!"

మిషను గర్జించింది. పెంకు కదల్లేదు. ఇంకోసారి గర్జించింది. ఒక్క ముక్క కూడా కదల్లేదు.

"సౌండు బలే ఉండాది బావా" అన్నాడు పిళ్ళప్ప మర్యాదగా.

బావమరిది ముందు పరువు పోతుంటే ఏ మొగుడు ఊరుకుంటాడు? బస్తాను కుదిపితే సరుకు సర్దుకున్నట్టు దీన్నీ కుదిపితే సర్దుకుంటుందని, వెంకటరాయప్ప పంచె బిగించి, పదకొండు కేజీలకు తోడు మూడు వారాల లక్ష్మిని కూడా కలిపి ఒక్క ఊపున ఎత్తాడు. "అమ్మా!" అని ఒక కేక. మిషను దిగింది గానీ మనిషి నిటారుగా నిలబడలేదు.

ఈసారి డాక్టరే ఇంటికొచ్చాడు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, మూడు వారాలు రెస్టు అన్నాడు. ఆశ్చర్యం చూడండి, ఈసారి ఆ మాటలు ఇంట్లో అందరికీ ఒక్కసారే అర్థమైపోయాయి. ఎవరూ చిక్కబళ్ళాపురం బస్సెక్కలేదు. మోహన్‌కుమార్ కాలేజీ మాని మండీలో కూర్చున్నాడు. పిళ్ళప్ప నాలుగు రోజులు ఉండిపోయాడు. హాలులో మంచం పడింది. వేడినీళ్ళ కాపడం గంటకొకసారి. కాపడం ఎవరు పెడతారు, అన్నం మంచం దగ్గరికి ఎవరు తెస్తారు అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

మర్నాడు పొద్దున లక్ష్మీదేవమ్మ మిషను మీది గుడ్డ తీయబోయింది.

"దాన్ని ముట్టుకోవద్దు! ఆ శబ్దానికి నా నడుము జివ్వుమంటాది. పొరకతోనే నూకు, నిదానంగా" అన్నాడు వెంకటరాయప్ప.

ఆమె చీపురు తీసుకుంది. ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, మెల్లగా వంగి, మంచం కింద ఊడవసాగింది. వెల్లకిలా పడుకున్న మనిషి కాసేపు ఆమెనే చూశాడు.

"లక్ష్మీ, నడుము నొప్పంటే ఎట్లుంటాదో నాకిప్పుడు తెలిసింది."

చీపురు ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాట కోసమే తను కాచుకుని ఉన్నట్టు ఆమెకు అనిపించింది. తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళనీళ్ళు కనపడతాయి. మిగతా మాట కోసం వంగినచోటనే ఆగింది.

"నీకొచ్చింది ఇట్లాంటిది కాదులే. ఇంత నొప్పి ఉండింటే నువ్వు ఇట్ల వంగి నూకతావా?"

ఇంకా మంచం కింద సగం మిగిలే ఉంది, లక్ష్మీదేవమ్మ అదీ ఊడ్చింది.

కాబట్టి పాఠక మహాశయులారా, కొనదలుచుకున్నవాళ్ళకు నాదొక చిన్న సలహా. వాట్లు, సంచి, వైరు పొడవు, చక్రాలు అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు నొప్పి పుట్టిన నడుము ఎవరిదో కనుక్కోండి. ఇంటాయనదైతే షాపు దాకా పోయే శ్రమ కూడా పడకండి. మనిషి ఇంట్లోనే ఉంది.