పెద్దమామ్మ పోయిన మైల

భూమ్మీద మొట్టమొదటి జీవకణం, నాలుగు వందల కోట్ల ఏళ్లకు కాస్త తక్కువ వయసులో, గంగాడపేట ఉప్పుమడుల్లో ఒక మంగళవారం పొద్దున చనిపోవడంతో, ప్రాణమున్న ప్రతిదానికీ మైల వచ్చింది.

ఊళ్లో ఆమెను పెద్దమామ్మ అనేవారు. సముద్రం వైపు చివరి మడిలో ఉండేది. కంటికి ఆనేది కాదు గానీ, రోజూ ఎండ నడినెత్తికి వచ్చేసరికి రెండుగా విడిపోయేదని అందరికీ తెలుసు. వెళ్లిపోయిన సగం కూతురు, ఉండిపోయిన సగం పెద్దమామ్మ. ఏది ఏదో ఎలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు. ఆ మడిలో నీరు ఇంకిపోకుండా చూసుకోవడం దమయంతి ఉద్యోగం. ఆ పొద్దున నీళ్ల మీది మెరుపు పోయినా ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. గట్టు మీద గొడుగేసుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరూ విడిపోలేదు. నీళ్లు పక్కమడి నీళ్లలాగే ఉన్నాయి.

కామేశం పంతులుగారు వచ్చి నిర్ణయం చెప్పారు. పోయినావిడ అందరికీ మూలం కనుక అందరూ దాయాదులే. మైల అందరికీ ఉంటుంది. పదకొండోనాడు పెద్దకర్మ. అమలులో చెప్పుకోదగ్గ ఇబ్బందులేమీ రాలేదు. చేపలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి కనుక స్నానం చేసినట్టే. చెట్లకు వాన పడినప్పుడు చాలన్నారు. పెద్దకొడుకు వరస నాచుది. తల లేనందున దానికి గుండు మినహాయించారు. దోమలు మైల పాటిస్తున్నాయో లేదో చూడమని ఒక ఉద్యోగిని పంపితే, అతను చేతులు గోక్కుంటూ వచ్చి, లేదని చెప్పాడు.

అంత దుఃఖంలోనూ దమయంతికి ఒక సంగతి తట్టింది. ఆమె, పీతల వేటకు వెళ్లే పైడిరాజు పెళ్లి చేసుకోవాలనుకుని మూడేళ్లయింది. కులాలు వేరు. అడిగినప్పుడల్లా ఆమె తండ్రి అప్పలస్వామి ఒకటే మాట: "ఆళ్లు మనోళ్లు కారు." ఇప్పుడాయన తడిబట్టలతో ఇంట్లోకి వస్తుంటే ఆమె గుమ్మంలోనే ఆపింది.

"నాన్నా, తానమెందుకు సేశావు?"

"మైల కదే. పెద్దమామ్మ పోనాది."

"పైడిరాజోళ్ల నాన్న కూడా సేశాడు. అదే మైల. అంటే ఆళ్లు మనోళ్లే కదా."

అప్పలస్వామి తల తుడుచుకోవడం ఆపి ఆలోచించాడు. న్యాయంగా ఆలోచించే మనిషే.

"మనోళ్లయితే అసలే కుదరదు" అన్నాడు. "మీరిద్దరూ అన్నాసెల్లెళ్లు అవుతారు. తప్పు కాదేటి?"

పొయ్యి దగ్గర నుంచి తల్లి సన్యాసమ్మ అంతా వింది. భర్తకు అన్నం వడ్డిస్తూ, "ఇంకాస్త ఏసుకో అన్నయ్యా" అంది.

"ఎవర్నే అన్నయ్యంటన్నావు?"

"నీదీ నాదీ ఒకే మైల కదా. తెలీక ఇన్నేళ్లు కాపరం సేసేశాం. ఏటి సేత్తాం, ఇకమీదైనా బుద్ధిగా ఉందాం" అని, ఆయన చాప తెచ్చి వసారాలో పరిచింది.

మర్నాడు కుళాయి దగ్గర సన్యాసమ్మ నాలుగు మాటలు చెప్పింది. సాయంత్రానికి గంగాడపేటలోని భర్తలందరూ అన్నయ్యలయ్యారు. వసారాలు నిండిపోయాయి. కోడిపుంజులు మాత్రం ఈ ఏర్పాటును ఖాతరు చేయలేదు. వారం తిరిగేసరికి మగవాళ్లంతా సమావేశమయ్యారు. ముందు వరసలో అప్పలస్వామి ఉన్నాడు.

"పంతులుగారూ, ఏదో దారి సూపించండి. నడుం పట్టేసింది."

పంతులుగారు కూడా వసారాలోనే పడుకుంటున్నారు కనుక గ్రంథాలు త్వరగానే చూశారు. "ఏడు తరాలు దాటితే పెళ్లికి అడ్డు లేదు. పెద్దమామ్మకూ మనకూ మధ్య అంతకు మించే ఉంటాయి. కాబట్టి మనమంతా స్నానం చేయవలసినంత దగ్గర, పెళ్లి చేసుకోగలిగినంత దూరం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వినడానికి వచ్చి వెనక కూర్చున్న దమయంతి లేచింది. "నాన్నా, ఆళ్లు పరాయోళ్లు కారు. మేం అన్నాసెల్లెళ్లమూ కాము. ఇంకేటుంది?"

అందరూ అప్పలస్వామి వైపు చూశారు. ఆయన చాలాసేపు వెతికాడు. "ఏటీ లేదు" అని ఒప్పుకున్నాడు. "పెద్దకర్మ అవనీ, మాటాడదాం."

పెద్దకర్మ భోజనాలు ఉప్పుమడుల గట్ల మీద జరిగాయి. ముందు పుట్టినవాళ్లకు ముందు విస్తళ్లు. నాచు, జెల్లిచేపలు, పీతలు, చేపలు, కప్పలు ఆ వరసన కూర్చున్నాయి. పుట్టగొడుగులను చెట్ల పక్కన కూర్చోబెడితే, తాము మనుషులకే దగ్గర చుట్టాలమని లేచి ఇటు వచ్చేశాయి. మనుషులు అందరికన్నా చిన్నవాళ్లు కనుక వడ్డన వాళ్లకు పడింది. పైడిరాజు తండ్రి గురవయ్య అన్నం గంపతో ముందు నడిచాడు. అప్పలస్వామి పప్పు బకెట్టుతో వెనక నడిచాడు. అన్నం లేకుండా పప్పు వడ్డించలేరు కనుక ఇద్దరికీ అడుగులు కలిశాయి.

"మొగమాటపడకండి అన్నయ్యా" అని అప్పలస్వామి ఒక పీతకు కొసరి వడ్డించాడు. గారెల పళ్లెం పట్టుకున్న పైడిరాజు ఆ పీత కళ్లలోకి చూడలేక రెండు గారెలు ఎక్కువ వేశాడు. గేదెలు విస్తళ్లు కూడా తినేశాయి. పిల్లలు నవ్వి నవ్వి గట్ల మీద నుంచి జారారు.

పెద్దమామ్మ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పుకోవడానికి ఆమె జీవితంలో పెద్దగా ఏమీ జరగలేదు. చివరికి దమయంతి లేచి, "ఒక్కతే ఉండలేక రెండయ్యింది. అంతే. మనమంతా అందులోంచే వచ్చాం" అంది. కప్పలు బెకబెకమంటూ మొదలుపెట్టాయి, అందరూ అందుకున్నారు. ఏ పెళ్లిలోనూ అంత సందడి ఎవరూ చూడలేదు.

చివరి పంక్తిలో అప్పలస్వామి, గురవయ్య పక్కపక్కన కూర్చుని తిన్నారు. చేతులు కడుక్కుంటున్న తండ్రి దగ్గరకు దమయంతి వచ్చింది.

"మాటాడదామన్నావు."

"ఆళ్లు సానా మంచోళ్లే" అన్నాడు అప్పలస్వామి మనస్ఫూర్తిగా. "కానీ నలుగురూ ఏటంటారో సూసుకోవాలి కదమ్మా."

భూమ్మీది ప్రాణులన్నీ అక్కడే ఉన్నాయి. దమయంతి గట్టు చివరి నుంచి అడుగుతూ వచ్చింది. నాచుకు అభ్యంతరం లేదు. జెల్లిచేపలు ఊరుకున్నాయి. పీతలు కూడా పెద్దమనసు చేసుకుని పైడిరాజు మంచివాడేనన్నాయి. పుట్టగొడుగులు, పెళ్లికి తప్పకుండా వస్తామన్నాయి.

"అందర్నీ అడిగాను నాన్నా. ఎవరూ కాదనలేదు."

అప్పలస్వామి కూతురి తల నిమిరాడు. "నా బయం అదేనమ్మా. పైకి ఏటీ అనరు. లోపల ఏటనుకుంటన్నారో."

మైల తీరింది. వసారాల్లో చాపలు ఎత్తేశారు. అప్పలస్వామి ఇప్పుడు దారిలో పీత ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇస్తాడు. దమయంతి పెళ్లికి ముహూర్తం ఇంకా పెట్టలేదు.