అల్లుడుగారి కంపెనీ

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగుతూ బావగారిని ఒక్క మాట అడగడం, ఆయన సరేననడం, పదింటికి ఇద్దరూ వెళ్లి లాయరు దగ్గర సంతకాలు పెట్టడం. అంతే.

అతను కుట్టుమిషన్లు బాగుచేయడంలో మొనగాడు. పెళ్లయ్యాక భార్య వెంట ఈ పరాయి దేశానికొచ్చి అత్తవారింట్లోనే ఉంటున్నాడు. ఇల్లరికపుటల్లుడని ఎవరూ పైకి అనలేదు గానీ, ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ అతనికి ఆ మాట వినిపిస్తూనే ఉంది. సొంత కంపెనీ పెట్టాలి, వేరే ఇల్లు తీసుకోవాలి, తన ఫ్రిజ్ తలుపు తను తీసుకోవాలి. శుక్రవారంలోగా కంపెనీ రిజిస్టరైతే మిషన్లన్నీ బాగుకు అప్పగిస్తామని ఒక బట్టల ఫ్యాక్టరీవాళ్లు మాటిచ్చారు కూడా. విదేశీయుడు కంపెనీ పెట్టాలంటే మాత్రం ఈ దేశపౌరుడొకరు డైరెక్టరుగా ఉండాలట. భార్యది ప్రభుత్వోద్యోగం, ఆమెకు కుదరదు. ఆమె అన్నగారైతే సరిపోతుంది.

బావగారు అడగ్గానే ఒప్పుకున్నారు. చిక్కంతా పక్క కుర్చీతో వచ్చింది. అందులో, ఏనాడో ఈ దేశపౌరుడైపోయిన తోడల్లుడు కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. ఒకర్ని పిలిచి పక్కనున్నవాణ్ణి పిలవకపోతే ఏం బాగుంటుంది?

"మీరు కూడా ఉంటే కొండంత అండ, అన్నయ్యా" అన్నాడు అల్లుడు, నాకెందుకులే అంటాడన్న ధీమాతో.

"నువ్వింతగా అడిగితే కాదంటానా" అన్నాడు తోడల్లుడు.

వంటింట్లో గిన్నె ఒకటి అవసరానికి మించి చప్పుడు చేసింది. "ఇంట్లో పెద్దదాన్ని నేనొకదాన్ని ఉన్నానని ఎవరికైనా గుర్తుందా?" అన్నారు అత్తగారు.

అలా ఆవిడ చైర్మన్ అయ్యారు.

లాయరు బల్లకు ఎదురుగా మూడే కుర్చీలున్నాయి. అల్లుడు మర్యాదగా నిలబడ్డాడు.

"ఈ కంపెనీ ఎవరిది?" అడిగాడు లాయరు.

"అంతా పెద్దల దయండీ" అన్నాడు అల్లుడు వినయంగా. లాయరు అత్తగారి పేరు రాసుకున్నాడు.

"మాదేముంది, అంతా మా బావదే" అన్నారు బావగారు అల్లుణ్ణి చూపించి. లాయరు రాసింది కొట్టేశాడు.

"అబ్బే, పేరుకే నేను" అన్నాడు అల్లుడు. లాయరు పెన్ను కింద పెట్టి, నలుగురి మొహాలూ వరసగా చూసి, మంచినీళ్లు తాగాడు.

"చిన్న కంపెనీకి ముగ్గురే ఉండాలి. వాళ్లే డైరెక్టర్లు, వాళ్లే వాటాదారులు. మీరు నలుగురు. ఎవర్ని తీసేయమంటారు?"

ఎవరి పేరు చెప్పినా ఇంటికెళ్లాక కురుక్షేత్రమే.

"పోనీ, నా పేరు తీసేయండి" అన్నాడు అల్లుడు.

ఆ మాటకు జవాబేమిటో మనందరికీ తెలుసు. ఇంకా నయం, నువ్వు లేకుండా కంపెనీ ఏమిటయ్యా అనాలి. బావగారు అనబోయారు కూడా. కానీ తల్లి ఉండగా తాను ముందు నోరు విప్పకూడదని ఆగారు. బావగారు ఆగారు కనక తోడల్లుడు ఆగాడు. అందరిముందూ అల్లుడి మాట కాదంటే అతనికి చిన్నతనమని అత్తగారు ఊరుకున్నారు. లాయరు ఆ దేశపు మనిషి, ఆయన చదువులో మొహమాటం అనే పాఠం లేదు. అల్లుడి పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"మంచి పని చేశారు. విదేశీయులెవరూ లేరు కనక ఇక ఏ చిక్కూ లేదు, మధ్యాహ్నానికి అయిపోతుంది" అన్నాడు సంతోషంగా.

అయిపోయింది కూడా.

సాయంత్రం భార్య తల పట్టుకుంది. "తీసేయమని ఎందుకన్నారండీ?"

"మాటవరసకన్నాను. తీసేస్తారా?"

"రేపు వెళ్లి మార్పించండి."

"మార్పులకు నెలలు పడతాయట. శుక్రవారం దాటితే ఫ్యాక్టరీ చేజారుతుంది" అన్నాడు అల్లుడు. పోనీ తనే వెళ్లి మిషన్లు బాగుచేద్దామంటే, ఏదో ఒక కంపెనీలో ఉద్యోగి అయితే తప్ప విదేశీయుడు స్క్రూడ్రైవరు పట్టుకోకూడదట. లాయరే దారి చూపించాడు. కంపెనీవాళ్లే అతన్ని ఉద్యోగంలోకి తీసుకోవచ్చు. కాకపోతే చట్టప్రకారం ఇంటర్వ్యూ జరగాలి.

గురువారం భోజనాల బల్ల దగ్గర జరిగింది. లాయరు సాక్షిగా కూర్చున్నాడు. అల్లుడు హాల్లోంచి తలుపు కొట్టి లోపలికొచ్చాడు.

"ఎక్కడుంటున్నారు?" అడిగారు అత్తగారు.

"మీ పక్కగదిలోనండీ."

"ఇదివరకు ఏం చేసేవారు?" తోడల్లుడి వంతు.

"సొంతంగా కంపెనీ పెట్టానండీ."

"మరి అదేమైంది?"

"మీరే నడుపుతున్నారు కదా, అన్నయ్యా."

బావగారికి పొలమారింది. అయినా ఉద్యోగం ఏకగ్రీవంగా ఇచ్చారు. లాయరు షరతులు పైకి చదివాడు. "విదేశీ ఉద్యోగికి వసతి కంపెనీయే చూపాలి. ఉద్యోగం ఉన్నంతకాలం అతను కంపెనీ చిరునామాలోనే నివసించాలి."

కంపెనీ చిరునామా అత్తగారిల్లే.

"ఏమైనా అభ్యంతరమా?" అన్నాడు లాయరు.

అల్లుడు అత్తగారి వంక చూశాడు. ఆవిడ ఆప్యాయంగా నవ్వుతున్నారు. "అబ్బే, ఎంతమాట" అని సంతకం పెట్టాడు.

అన్నాళ్లూ ఎవరూ పైకి అనని ఇల్లరికం ఆ పూటతో చట్టబద్ధమైంది.