పుస్తకానికి సరిపోయే కంప్యూటర్

ఆ ఉదయం ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరినీ బయటికి సాగనంపాక కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుని, ఆపరేటింగ్ సిస్టమ్ పరీక్షకు ఏది చదవాలో తేల్చుకోవాలి. వీధి చివరి కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగం ఖాళీగా ఉంది. "నెలాఖరులోగా ఆ పరీక్ష రాసి మొదటి మెట్టు సర్టిఫికెట్ తెచ్చుకోండమ్మా, కుర్చీ మీదే. లేదంటే ఇంకొకరు కాచుకుని ఉన్నారు," అన్నారు డాక్టరుగారు. డిగ్రీ పట్టాను పెళ్ళినాటి నుంచీ బీరువాలో చీరల కింద దాచుకున్న మనిషికి అది మామూలు మాట కాదు.

ఆవిడ చేసిన పొరపాటల్లా ఆ సంగతి టిఫిన్ల దగ్గర పైకి అనడమే.

సాయంత్రానికి ముగ్గురు మగవాళ్ళు మూడు రకాల మెటీరియల్‌తో దిగారు. శ్రీవారు తెచ్చింది రోడ్డు పక్క పాత పుస్తకాల దుకాణంలో దొరికిన గ్రంథం. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. మొబైల్ షాపు నడిపే మరిది జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"చదవడం దేనికి వదినా? పాత ప్రశ్నలన్నీ జవాబులతో సహా ఇందులో ఉన్నాయి. ఏ, సీ, సీ, బీ అని బట్టీ పట్టేయ్."

"ప్రశ్నల వరస మారిస్తేనో?"

"వాళ్ళకంత ఓపిక ఎక్కడిది."

మామగారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. తాను కొనుక్కొచ్చిన పుస్తకాన్ని తానే ఎర్ర పెన్సిల్‌తో దిద్దుకుంటూ పోయి, సగంలో తానే తిరస్కరించారు. శ్రీవారి గ్రంథంలో మాత్రం అచ్చుతప్పు దొరకలేదు. "ఇదిరా పుస్తకమంటే. అమ్మాయి ఇదే చదువుతుంది," అని తీర్పిచ్చేశారు.

పరీక్ష పెట్టేవాళ్ళ సైట్‌లో సిలబస్ ఉంది, దాని వెనకే పాఠాలూ ఉన్నాయి. ఆ మాట చెప్పబోతే, "ఊరికే ఇచ్చేదాంట్లో ఏముంటుంది?" అని ముగ్గురూ కొట్టిపారేశారు. ఆ ముగ్గురూ ఒక మాట మీద నిలబడడం ఆ ఇంట్లో అదే మొదలు. రాసేది తను, తప్పితే తలవంచుకునేది తను. ఏది చదవాలో చెప్పే హక్కు మాత్రం తనకు తప్ప అందరికీ ఉంది. ఇల్లాలికి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే వంటయింది.

మర్నాడు గ్రంథం ముందేసుకుని కూర్చుంటే పుస్తకంలో బొమ్మ ఒకటి, తెర మీద కనబడేది ఇంకొకటి.

"ఏమండీ, ఇది మూడు వెర్షన్ల కిందటి పుస్తకం. ఇందులో చెప్పిన మెనూ మన దాంట్లో లేనే లేదు."

"పుస్తకంలో ఉంటే ఉండి తీరాలి. నువ్వు సరిగ్గా చూసుండవు."

"మీరే చూడండి."

శ్రీవారు మౌస్‌ను నాలుగు మూలలకూ తోలి చూశారు. భార్య మాట నిజమైతే పుస్తకం తప్పు. పుస్తకం తప్పైతే, తెచ్చినవాడు తప్పు. అంత దూరం వెళ్ళడం ఇష్టంలేక, "అయితే తేడా మన కంప్యూటర్‌లో ఉంది," అన్నారు.

"అచ్చయిన మాట అబద్ధమెట్లా అవుతుంది?" అని మామగారు వంత పాడారు.

ఆదివారం ఇల్లాలు కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి పని జరిగిపోయింది. మరిదిని కూర్చోబెట్టి, పుస్తకానికి సరిపోయేలా కంప్యూటర్లో మూడు వెర్షన్ల కిందటి సిస్టమ్ ఎక్కించారు. చెప్పులకు సరిపడేలా కాళ్ళు చెక్కుకునేవాళ్ళుంటారని వినడమే గానీ, వాళ్ళ మధ్యే కాపురం చేస్తున్నట్టు ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

"చూడు, ఇప్పుడు అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది," అన్నారు శ్రీవారు.

బొమ్మలో ఉన్నట్టే ఉంది. బొమ్మలాగే పని కూడా చేయడం లేదు. నెట్ రాదు. ప్రింటర్ ఈ ఇంటితో ఎప్పుడూ పరిచయం లేనట్టు ఊరుకుంది. మర్నాడు ఆఫీసులో ఇవ్వాల్సిన శ్రీవారి రిపోర్టు మాయం. మామగారు ఒంటి వేలితో టైపు చేసుకుంటున్న స్వీయచరిత్ర మాయం.

"అన్నయ్య చెయ్యమన్నాడు, చేశాను," అన్నాడు మరిది.

"చెయ్యమంటే? నీకు బుర్ర ఉండక్కర్లా?"

"నా బాల్యమంతా పోయిందిరా," అంటూ మామగారు కుర్చీలో కూలబడ్డారు. "పెళ్ళిచూపుల దాకా వచ్చాను."

ముగ్గురూ కాసేపు ఒకరినొకరు తిట్టుకుని, అలిసిపోయి, ఆవిడ వైపు తిరిగారు.

"వదినా, నువ్వా సిలబస్ చదివావుగా. అందులో ఏమన్నా..."

"ఊరికే ఇచ్చేదాంట్లో ఏముంటుంది?" అంది ఇల్లాలు. అని, కూరగాయల సంచి శ్రీవారి చేతిలో పెట్టి, ఫోన్లో ఆ పాఠాలు తెరిచి కంప్యూటర్ ముందు కూర్చుంది.

డిస్క్ తుడిచెయ్యకుండా ఇంకో సిస్టమ్ ఎక్కిస్తే పాత ఫైళ్ళన్నీ ఒక ఫోల్డర్లో మూటగట్టి ఉంటాయట. తుడవడం మరిచిపోవడమొక్కటే ఆ రోజు మరిది చేసిన మంచి పని. చీకటి పడేలోగా రిపోర్టు దొరికింది, మామగారి బాల్యం దొరికింది. మళ్ళీ అసలు సిస్టమ్ ఎక్కించడం, ప్రింటర్‌ను బుజ్జగించడం, అన్నిటికీ నకళ్ళు తీసి దాచడం ఆ వారమంతా నడిచింది. చివరగా కంప్యూటర్లో ముగ్గురికీ మూడు ఖాతాలు తెరిచింది, దేన్నీ ఎక్కించే అనుమతి ఎవరికీ లేకుండా.

శ్రీవారికి రోషం వచ్చింది. "నా డబ్బుతో కొన్న కంప్యూటర్లో నేనొక ఆట పెట్టుకోవాలన్నా నీ పాస్‌వర్డ్ కావాలా?"

"కావాలండి. సిలబస్‌లో ఉంది."

పరీక్షలో ఏ ప్రశ్న చూసినా తమ హాల్లో జరిగిన భాగోతమే. పోయిన ఫైళ్ళు ఎక్కడ వెతకాలి, ప్రింటర్ ఎందుకు పలకదు, ఎవరికి ఎంతవరకు అనుమతి ఇవ్వాలి. ఈ చివరిదానికి ఆవిడ రెండుసార్లు ఆలోచించనే లేదు. సర్టిఫికెట్ వచ్చింది, కుర్చీ వచ్చింది. శ్రీవారు కనబడిన వాళ్ళందరికీ "మెటీరియల్ మేమే దగ్గరుండి ఎంచాం," అని చెప్పుకున్నారు. అందులో అబద్ధం లేదని ఆవిడ కూడా ఊరుకుంది.

ఉద్యోగంలో చేరిన రోజు డాక్టరుగారు అడిగారు. "మా కాంపౌండరు రెండుసార్లు రాసి తప్పాడమ్మా. మీరు ఏం మెటీరియల్ చదివారో చెబితే అతనికీ తెప్పిస్తాను."

"మావారండి," అంది ఆవిడ.

డాక్టరుగారు తెప్పిస్తానన్న మాట వెనక్కి తీసుకున్నారు. ఆయన కూడా ఇంటి దగ్గర ఎవరికో ఒకరికి మెటీరియలే అయి ఉంటారు.