పలుగురాయి అన్న పుణ్యాత్ముడు

వజ్రాన్ని చూసి పలుగురాయి అని చెప్పే వ్యాపారిని మించిన లోకోపకారి మా కొయిడు పట్టణంలో లేడు. నవ్వకండి. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడి బడిలో సైన్సు చెబుతున్నవాణ్ణి, ఊరికే అనను.

ఆలోచించండి. చేతిలో ఉన్నది వజ్రమని తెలిసిన మనిషికి కంటిమీద కునుకుంటుందా? ఏనాడూ మొహం చూపని మేనమామలు గుమ్మంలో చాపలు పరుస్తారు. పాస్టరుగారికి చర్చి గంట గుర్తొస్తుంది, ఇమాముగారికి మసీదు గోడ. అదే పలుగురాయి అన్నారనుకోండి, కసావా ఆకు కూర వండుకుని తిని ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు. పైగా మా వ్యాపారులు ఎంత న్యాయవంతులంటే, ఊరికి కొత్తగా వచ్చిన దొరకి సానపట్టిన సీసాపెంకును వజ్రమని అమ్ముతారు, మా దగ్గర వజ్రాన్ని సీసాపెంకు అని కొంటారు. తక్కెడ ఎటూ మొగ్గదు.

పోయిన వానాకాలం తర్వాత ఫిండా న్యాండెమో నా దగ్గరికి వచ్చింది. ఏటి ఒడ్డున వజ్రాల కోసం జల్లెడతో కంకర కడిగి బతికే మనిషి. వానలకు ఇంటి కప్పు కూలిపోతే కూతుళ్ళిద్దరితో పొరుగింటి వసారాలో పడుకుంటోంది. తలగుడ్డ ముడి విప్పి, వేరుశనగ గింజంత రాయి నా బల్లమీద పెట్టింది.

"ఇదేంటో చెప్పండి సారూ. పిల్లలకు చెప్తారటగా."

దానిమీద ఊదాను. గాజయితే ఆవిరి కాసేపు మసకగా ఉండిపోతుంది. ఇది పట్టీపట్టకముందే పోయింది. బడి పెట్టెలోని పలుగురాయితో గీశాను. గీత పడలేదు. తిప్పి గీస్తే పలుగురాయి మీదే గాడి పడింది. పాఠం చెప్పడమే గాని, అప్పటిదాకా నేనూ వజ్రాన్ని పట్టుకుని ఎరగను.

"వజ్రమే ఫిండా" అన్నాను.

ఆమె మొహంలో సంతోషం కనబడలేదు. "మీరంటే సరిపోతుందా? పా ఫోఫానా అనాలి గాని" అంది.

పా ఫోఫానా మా బజారులో రాళ్ళు కొనే పెద్దమనిషి; పా అంటే మా దగ్గర అయ్యగారు అన్నట్టు. మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత జాలిగా నిట్టూర్చాడు.

"పలుగురాయేనమ్మా. సరేలే, ఇంతదూరం వచ్చావు. దీన్నిక్కడ పడేసి ఓ బస్తా బియ్యం తీసుకెళ్ళు."

నేను నా పరీక్షలు ఏకరువు పెట్టబోయాను. "మాస్టారూ, మీది పుస్తకం. నాది కన్ను" అన్నాడు.

ఫిండా బల్లమీది రాయి తీసుకుంది. "పలుగురాయికి బియ్యమెందుకు పా? మీ సొమ్ము ఉత్తినే తినడం పాపం" అంటూ అరుగు మీదికొచ్చి, వీధి కాలవలోకి విసిరేసింది.

ఆ వయసులో మనిషి అంత వేగంగా కదలగలడని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీతో సహా పా ఫోఫానా కాలవలో మోకాళ్ళ మీద కూర్చుని బురద దేవుతున్నాడు. సంత సంతా పోగయింది.

"ఏం పోయింది పా?" అని అరటిపళ్ళావిడ అడిగింది.

"పలుగురాయి" అంది ఫిండా.

ఆమె విసిరింది పొద్దున ఏట్లో ఏరుకొచ్చిన మామూలు రాయి. అసలుది రెండో పిడికిట్లోనే ఉంది. ఎదురుకొట్టు వ్యాపారి ఆ మోకాళ్ళను మించిన ధ్రువపత్రం అక్కర్లేదనుకున్నాడు కాబోలు, ఆమెను లోపలికి పిలిచి వజ్రాన్ని వజ్రంగానే కొన్నాడు. ఫిండా ఇంటికి రేకుల కప్పు పడింది.

కప్పు వేసిన రోజున నన్ను భోజనానికి పిలిచింది. తిన్నాక కంచాలు తీస్తూ అడిగింది.

"ఈ పదిహేనేళ్ళలో పా దగ్గర పదకొండు పలుగురాళ్ళు పడేసి బియ్యం తెచ్చుకున్నాను సారూ. ఒకటి మా ఆయనకి జ్వరం ముదిరినప్పుడు. మందులకని వెళ్ళాను. ఆ వారమే పోయాడు. మరి అవి కూడా..."



కంటితో చూడని రాయి గురించి ఏమీ చెప్పకూడదని ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నవాణ్ణి.

"అవన్నీ పలుగురాళ్ళే ఫిండా" అన్నాను. పా ఫోఫానా కూడా ఆ మాట అంత జాలిగా అని ఉండడు.